షాపులో రెండు వందల ముప్పై, హాల్లో నూట డెబ్బై

"మీకు అరగంట ఇస్తున్నాను మేడమ్. అందులో ఇరవై తొమ్మిది నిమిషాలు నా మంచితనం, మిగిలిన ఒక్క నిమిషం మీ హక్కు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, రిహార్సల్ హాలు తలుపుకి వేసిన సీలు విప్పిస్తూ.

సర్వేయరమ్మ వాచీ చూసుకుంది. రెండూ నలభై.

"అయితే ఆ ఒక్క నిమిషంతోనే మొదలుపెడతాను. మీ మంచితనం మీద ఆశ వదులుకుని చాలాకాలమైంది."

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అగ్నిప్రమాదం జరిగిన చోటల్లా బీమా కంపెనీ తరఫున బూడిద కెలికి, మంట ఎక్కడ పుట్టిందో తేల్చే ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేసింది. దాన్ని వదిలేసి డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నా సర్వేయరమ్మ అన్న పిలుపు మాత్రం పోలేదు. రెండేళ్ల కిందట ఒక గోడౌను కేసులో ఈ ఇన్‌స్పెక్టరు పట్టుకున్న వాచ్‌మన్‌ని ఆమె నిర్దోషిగా బయటికి తీసుకొచ్చింది. అప్పటినుంచీ ఆమె కనిపిస్తే చాలు ఆయనకి ఒళ్లు మండిపోతుంది. ఆమెకీ ఆయనంటే అంత ప్రేమేమీ లేదు.

నిన్న సాయంత్రం నాలుగూ పదికి ఈ హాల్లోనే ఒక గిటారిస్టు షాకు కొట్టి చనిపోయాడు. అతని ఒక చెయ్యి గిటారు తీగల మీద ఉంది, రెండో చెయ్యి మైకు స్టాండు మీద ఉంది. అతని ఆంప్లిఫయరు పాతకాలపు గాజు వాల్వుల రకం. దాన్ని రిపేరు చేసిన డెబ్బై ఏళ్ల మెకానిక్‌ని, అందరూ వాల్వుల తాత అని పిలిచే మనిషిని, ఇన్‌స్పెక్టరు నిన్న ఎనిమిదింటికల్లా ఇంటికెళ్లి పట్టుకొచ్చాడు. ముసలాయన అడిగీ అడగ్గానే నేరం ఒప్పేసుకుని సంతకం పెట్టాడు. ఈరోజు ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ సంతకం చాలు, అటునుంచి అటే జైలుకి పంపడానికి. ఆ వయసులో, ఆ ఉబ్బసంతో లోపలికెళ్లిన మనిషి తిరిగొస్తాడన్న ఆశ ఎవరికీ లేదు. ఆయన కూతురు పొద్దున్న ఏడింటికి సర్వేయరమ్మ తలుపు తట్టి, "మా నాన్న చెయ్యలేదు మేడమ్" అని, ఇంకో మాట లేకుండా గుమ్మంలోనే కూలబడింది.

హాలు చిన్నదే. గోడలకి శబ్దం బయటికి పోకుండా మందపాటి దూది మెత్తలు. పైన రెండు ఏసీలు. మూల డ్రమ్ములు, మధ్యలో మైకు స్టాండు, ఒక బల్ల మీద వెనక పలక ఊడదీసిన ఆంప్లిఫయరు. నేల మీద చాక్‌పీసుతో గీసిన మనిషి ఆకారాన్ని చూసి సర్వేయరమ్మ ఒక్క క్షణం ఆగింది. మనిషి పొడుగ్గా ఉండేవాడన్నమాట.

"ఇదిగో, మీ క్లయింటు తండ్రిగారి ఘనకార్యం" అని ఇన్‌స్పెక్టరు పెన్నుతో చూపించాడు. ఆంప్ లోపల రేకు పెట్టెకి బిగించి ఉండాల్సిన పచ్చ తీగ ఊడి వేలాడుతోంది. "ఎర్త్ తీగ. ప్రాణం కాపాడాల్సిన తీగ. బిగించడం మర్చిపోయాడు. పెట్టెలోకి కరెంటు లీకైంది, పోవడానికి దారిలేక గిటారు తీగల్లోకి పాకింది. ఇది నేనంటున్న మాట కాదు, ఆయనే రాసిచ్చాడు."

పక్కనున్న కానిస్టేబులు ఆ తీగ ఎత్తి చూపించబోయాడు. సర్వేయరమ్మ చటుక్కున వాడి చేతిమీద ఒక్కటి వేసింది.

"ప్లగ్గు పీకి ఇరవై రెండు గంటలైంది మేడమ్!" అన్నాడు వాడు బిత్తరపోయి.

"ఇరవై రెండు రోజులైనా సరే, నాకు చెప్పకుండా దీంట్లో వేలు పెట్టకు. ప్లగ్గు పీకినా దీని కడుపులో నాలుగు వందల వోల్టులు దాక్కోవచ్చు."

ఆమె సంచిలోంచి రెండు క్లిప్పులున్న తీగ తీసింది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో ఒక క్లిప్పు రేకుకీ ఇంకోటి కరెంటు దాచుకునే పెద్ద కపాసిటర్‌కీ తగిలించి, ఇరవై దాకా లెక్కపెట్టింది. ఆ ఇరవై అయ్యేదాకా ఇన్‌స్పెక్టరు కాలు నేలకేసి తడుతూనే ఉన్నాడు.

తర్వాత టార్చి వెలిగించి లోపలికి వంగింది. మెకానిక్ పని ఎంత ముచ్చటగా ఉందో చూసి ఆమెకే ఈర్ష్య కలిగింది. తీగలన్నీ దువ్విన జుట్టులా ఒకే వరసలో ఉన్నాయి. బిగించిన ప్రతి నట్టు మీదా ఒక ఎర్ర చుక్క ఉంది. ఆడవాళ్లు గోళ్లకి వేసుకునే రంగు. నట్టు కదిలితే చుక్క పగిలి చెబుతుంది. ముసలాయన పద్ధతి అది. ముందు బిగించడం, లాగి చూడటం, ఆఖరున చుక్క పెట్టడం.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. ఎర్త్ తీగ ఉండాల్సిన నట్టు చూడండి. దానిమీద కూడా చుక్క ఉంది."

"ఉంటే?"

"సగం చుక్కే ఉంది. మిగతా సగం పెచ్చులూడి కింద పడింది. చుట్టుపక్కల దుమ్ములో ఆ పెచ్చులు మాత్రం దుమ్ము పట్టకుండా మెరుస్తున్నాయి. నట్టు కింద రేకు చూడండి, వాషరు నొక్కిన చోట గుండ్రంగా తళతళలాడుతోంది. ఇది బిగించడం మర్చిపోయిన నట్టు కాదు. గట్టిగా బిగించాక, నిన్నో మొన్నో ఎవరో విప్పిన నట్టు."

"మీ కళ్లద్దాల నంబరు ఎంత మేడమ్?"

"మీ తెలివికంటే ఎక్కువే" అంది ఆమె తల ఎత్తకుండా.

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డ అయింది. కానిస్టేబులు కిటికీ వైపు తిరిగాడు.

ఊడదీసిన పలకకి లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. గుండ్రటి చేతిరాత. ఆమె పైకి చదివింది. "గొంతు చిరుగుతోంది, బలం లేదు. వాల్వులు మార్చాను. కపాసిటర్లు మార్చాను. రెండు పిన్నుల తాడు తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తాడు వేశాను. పాత లైను కపాసిటర్ పీకేశాను. షాపులో 230 వోల్టులు. గొంతు శుభ్రం." దానికింద వారం తర్వాతి తేదీతో, "మళ్లీ తెచ్చాడు. షాపులో ఏ తప్పూ లేదు." దానికింద మూడోసారి, "రెండు గంటలు నా ముందే వాయించాడు. శుభ్రం. తప్పు దీంట్లో లేదు."

"లైను కపాసిటర్ అంటే ఏమిటో తెలుసా? ఈ పాత పెట్టెల్లో కరెంటు రేకులోకి లీకయ్యే దారి మామూలుగా అదే. దాన్ని ముసలాయన పీకి పారేశాడు."

"ఇంకో దారిలో లీకై ఉంటుంది."

"చూద్దాం." ఆమె సంచిలోంచి మెగ్గర్ తీసింది. లీకు ఎక్కడున్నా కక్కించే యంత్రం, ఆమె బీమా ఉద్యోగం నాటిది. ఒక వైరు ప్లగ్గు పిన్నుకి, ఇంకోటి రేకుకి తగిలించి హ్యాండిలు తిప్పింది. ముల్లు ఎగిరి ఆ చివరికి వెళ్లి కూర్చుంది. రెండో పిన్నుకి తగిలించి తిప్పింది. మళ్లీ అదే. "చుక్క కూడా లీకు లేదు. ఈ ఆంప్ ఎవర్నీ చంపలేదు ఇన్‌స్పెక్టరు గారూ. కరెంటు బయటినుంచి వచ్చింది."

"బయటినుంచి! కిటికీలోంచి ఎగిరొచ్చిందా?"

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే గుమ్మంలో అడుగుల చప్పుడైంది. నలిగిన బట్టలతో, ఉబ్బిన కళ్లతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చనిపోయిన గిటారిస్టు చెల్లెలు. అన్న వాయిస్తుంటే పాడేది తనే. గిటారు తీసుకెళ్లడానికి వచ్చింది. సర్వేయరమ్మని ఎగాదిగా చూసి, "మీరేనా ఆ ముసలాడి తరఫున వచ్చింది?" అంది.

"అవునమ్మా."

"మా అన్నయ్య వాణ్ణి గురువుగారూ అని పిలిచేవాడు. ఆంప్ చంకనెట్టుకుని మూడుసార్లు తిరిగాడు వాడి చుట్టూ. చివరికి చంపేశాడు. వాణ్ణి తప్పించడానికి మీరు సంచి వేసుకుని వచ్చారు. సిగ్గనిపించడంలేదా?"

"ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు చెప్పి నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు."

"నేను చెప్పను."

"ఆంప్ సౌండు ముందు ఆగిందా, అన్నయ్య అరుపు ముందు వినిపించిందా?"

"ఎలాంటి మనిషండీ మీరు! నేను నిన్నట్నుంచీ దేన్ని మర్చిపోదామని చూస్తున్నానో దాన్నే గుచ్చి గుచ్చి అడుగుతున్నారు."

"నువ్వు మర్చిపోతే మీ అన్నయ్యని చంపినవాడు హాయిగా ఇంటికెళ్లి నిద్రపోతాడు. ఆ నిద్ర వాడికి ఇద్దామా?"

చెల్లెలు డ్రమ్ముల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. పాటని వెనక్కి తిప్పుకుని వింటోందని సర్వేయరమ్మకి అర్థమైంది.

"నాలుగింటికి ఉక్కగా ఉందని ఏసీలు రెండూ వేశాం. వెయ్యగానే ఆంప్ గొంతు చిరగడం మొదలైంది. ఎప్పుడూ అంతే. అన్నయ్య విసుక్కుంటూ నాబ్‌లు తిప్పాడు. నేను రెండో చరణంలో ఉన్నాను. ఉన్నట్టుండి లైట్లు పోయాయి. ఏసీలు ఆగిపోయాయి. గిటారు సౌండు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. 'ఛీ, మళ్లీనా' అన్నాడు. వెంటిలేటర్లోంచి వచ్చే వెలుగులో నాకు అడ్డంగా ఉందని మైకు జరపబోయాడు." అక్కడ ఆగింది. "అప్పుడు అరిచాడు."

"లైట్లు పోయాక?"

"పోయాకే."

"మైకుకి కరెంటు ఎక్కణ్నుంచి?"

"పక్కన రికార్డింగ్ గదిలోంచి. ఆ గదిలో లైట్లు పోలేదు."

"ఈ గొంతు చిరగడం ఎన్నాళ్లనుంచి?"

"మూడు వారాలు. అంతకుముందు హాయిగా ఉండేది. గోడలోంచి కాలిన వాసన వస్తోందని ఒకరోజు హాలు మూసేశారు చూడండి, ఆ తర్వాతినుంచే."

సర్వేయరమ్మ టార్చి అందుకుంది. ఇరవై రెండేళ్లు ఆ కాలిన వాసన వెనకాలే తిరిగిన మనిషి. నేరుగా వరండాలో ఉన్న స్విచ్చు బోర్డు దగ్గరికి నడిచింది. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు. చెల్లెలు కూడా లేచి వచ్చింది.

బోర్డు మూత తీస్తే లోపల తీగలన్నీ ఏళ్లనాటి దుమ్ముతో బూడిదరంగులో ఉన్నాయి. ఒక్క నల్ల తీగ మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది. హాలు లైను దగ్గర మొదలై, రికార్డింగ్ గది లైనుకి వెళ్లి కలుస్తోంది. దాన్ని బిగించిన మర మీద స్క్రూడ్రైవర్ గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి. దాని పక్కనే ఎర్త్‌కి వెళ్లే పచ్చ తీగ. దాని పైతొడుగు రెండంగుళాల మేర కరిగి, నల్లబడి, బుడగలు కట్టి ఉంది.

"ఇప్పుడు మీ మంచితనంలోంచి ఐదు నిమిషాలు వాడుకుంటాను. వినండి" అంది ఆమె ఇన్‌స్పెక్టరుతో. "కరెంటు ఒక తీగలో వస్తుంది, ఇంకో తీగలో తిరిగి వెళ్తుంది. మూడోది పచ్చది. అందులో మామూలుగా కరెంటు పారదు, ఆపద వస్తే తప్ప. పారని తీగ వేడెక్కదు. మరి ఇదెందుకు కాలింది?"

ఇన్‌స్పెక్టరు ఆ బుడగలకేసి వంగి చూశాడు.

"మూడు వారాల కింద ఈ హాలు తిరుగు తీగ గోడలో కాలిపోయింది. గోడ పగలగొట్టి కొత్తది లాగాలంటే రెండు రోజుల పని. ఎవరో బద్ధకిస్టు ఆ పని ఎగ్గొట్టి, ఈ పచ్చ తీగకే హాలు మొత్తాన్నీ కట్టేశాడు. లైట్లు వెలిగాయి, ఏసీలు తిరిగాయి, చేతులు దులుపుకున్నాడు. కానీ భూమిలోకి కరెంటు పోవడం అంత తేలిక్కాదు. ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పడితే వాల్వులు సరిగా వేడెక్కవు, ఆంప్ గొంతు చిరుగుతుంది. పాపం ఆ కుర్రాడూ ముసలాయనా రోగం ఆంప్‌లో ఉందనుకుని మూడు వారాలు దాని చుట్టూ తిరిగారు."

"తర్వాత?" ఈ మాట అడిగింది ఇన్‌స్పెక్టరు కాదు, చెల్లెలు.

"నిన్న నాలుగూ పదికి ఆ పచ్చ తీగ కాలీ కాలీ ఈ చివర ఊడిపోయిందమ్మా. కరెంటుకి తిరిగిపోయే దారి లేదు. లైట్లు పోయాయి. దారి లేని కరెంటు ఎర్త్ పిన్నులో నిలబడింది. అక్కణ్నుంచి ఆంప్ రేకులోకి, రేకులోంచి గిటారు తీగల్లోకి. మైకు వేరే గది లైను మీద ఉంది, దాని ఎర్త్ బాగానే ఉంది. మీ అన్నయ్య రెండూ పట్టుకోగానే, కరెంటుకి అతని ఒంట్లోంచి దారి దొరికింది."

చెల్లెలు గోడకి ఆనుకుని మొహం కప్పుకుంది.

ఇన్‌స్పెక్టరు హాల్లో ఉన్న ఆంప్ వైపు తిరిగి చూశాడు. "అంటే ఆంప్‌లో ఎర్త్ తీగ బిగించి ఉండబట్టే చనిపోయాడంటారు."

"అవును. ఊడి ఉంటే బతికేవాడు. మీరు వచ్చేసరికి అది ఊడి ఉంది. ఎవరో తర్వాత విప్పారు. మీ రిపోర్టులో మీరే రాశారు, నాలుగూ యాభై ఐదుకి వచ్చేసరికి హాల్లో లైట్లు వెలుగుతున్నాయని. నాలుగూ పదికి పోయిన లైట్లు, పక్క గది తిరుగు తీగకి ఈ కొత్త నల్ల తీగ కలిపి, ఎవరు వెలిగించారు? అందరూ సాయం కోసం బయటికి పరుగెత్తిన ఆ నలభై ఐదు నిమిషాల్లో ఇక్కడికి ఎవరొచ్చారు?"

కానిస్టేబులు గేటు పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో ఉంది. వైర్‌మన్, లోపలికి నాలుగూ ఇరవై ఐదు, బయటికి నాలుగూ యాభై. పేరు లేదు. హాలు ఓనరుకి ఫోను చేస్తే స్విచాఫ్.

"ఈ వైర్‌మన్ ఎవరని మీరు అడగలేదా?"

"ముద్దాయి ఒప్పుకున్నాక ఊళ్లో ఉన్న వైర్‌మన్లందర్నీ వరసలో నిలబెట్టమంటారా?" ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు. "కథ బాగా అల్లారు మేడమ్. కానీ ఇవాళ ఈ బోర్డులో వోల్టేజీ బాగానే ఉంది. ఆ పచ్చ తీగ పదేళ్ల కింద కాలిందేమో, ఎవడికి తెలుసు? నట్టు ఆ ముసలాడే విప్పి మర్చిపోయాడేమో. అన్నిటికంటే ముందు ఒక్కటి చెప్పండి. తప్పు చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకున్నాడు? నేను చెయ్యికూడా ఎత్తలేదు. తాగడానికి మంచినీళ్లిచ్చాను."

పొద్దున్నుంచీ సర్వేయరమ్మని తొలిచేస్తున్న ప్రశ్న అదే.

"హాల్లో కరెంటు ముందునుంచీ బాగోలేదని, నిన్నటికంటే ముందు రాసిన కాగితం ఒక్కటి చూపించండి. ఐదింటిలోపు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "లేకపోతే నా దారి నాది."

నాలుగింటికి ఆమె స్టేషన్లో లాకప్ ముందు స్టూలు వేయించుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కావాలనే తన గది తలుపు తెరిచి ఉంచాడు. ఊచల వెనక వాల్వుల తాత మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలోంచి ఈల వినిపిస్తోంది. చేతులు మాత్రం సన్నగా, శుభ్రంగా ఉన్నాయి.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అన్నాడు చూడకుండానే.

"మీ అమ్మాయి."

"దానికి బుద్ధి లేదు. వెళ్లిపోండి."

"వెళ్తాను. ఒక్క సందేహం తీర్చండి. ఎర్త్ తీగ బిగించడం మర్చిపోయారట కదా."

"మర్చిపోయాను. రాసిచ్చాను."

"ఎర్ర చుక్క పెట్టడం మాత్రం మర్చిపోలేదే?"

ముసలాయన కనురెప్ప కదిలింది. అంతే.

"బిగించని నట్టుకి చుక్క పెట్టారా? అబద్ధం కూడా శుభ్రంగా చెప్పడం చేతకాదు మీకు."

"వయసైపోయింది. చూపు ఆనలేదు. పొరపాటు జరిగింది."

మెత్తగా అడిగితే ఈ మనిషి లొంగడని ఆమెకి తెలిసిపోయింది. దెబ్బ ఎక్కడ కొట్టాలో కూడా తెలిసింది. కొట్టడానికి మనసు రాలేదు. అయినా కొట్టింది.

"వయసు కాదులెండి. చేసిన పనే అంతంతమాత్రం. మూడుసార్లు తెచ్చినా గొంతు చిరగడం ఎందుకో కనిపెట్టలేకపోయారు. వాల్వులు మార్చి, కపాసిటర్లు మార్చి, గుడ్డివాడిలా తడుముకున్నారు. నాసిరకం మెకానిక్ చేతిలో పడి కుర్రాడు పోయాడని అందరూ అంటున్నారు. నిజమే అనిపిస్తోంది."

"నాసిరకమా!" ముసలాయన ఊచలు పట్టుకుని లేచాడు. "ఎవడా మాటన్నది? యాభై ఏళ్లుగా చేస్తున్నాను, వాల్వు గొంతు వింటే దాని జ్వరం చెప్తాను నేను! మూడోసారి తెచ్చినప్పుడే అన్నాను, రోగం పెట్టెలో లేదు, నువ్వు వాయించే చోట ఉందని. నా మీటరు ఇచ్చి పంపాను. సాకెట్లో పెట్టి చూడు, ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. మొన్న పొద్దున్నే తెచ్చిచ్చాడు లెక్క. షాపులో రెండు వందల ముప్పై, హాల్లో నూట డెబ్బై! నూట డెబ్బైకి ఏ వాల్వు పాడుతుందండీ? రిపేరు పుస్తకంలో తేదీ వేసి రాశాను, తప్పు హాలుదీ అని, అదే రోజు చెప్పాను కూడా..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు.

"ఎవరికి చెప్పారు?"

ముసలాయన ఊచలు వదిలేశాడు. ఈల ఒక్కటే.

"పెద్దాయనా, ఎవరికి చెప్పారు?"

ముసలాయన గోడకి జారి కూలబడ్డాడు. తన చేతులతో మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "నేనే చంపాను. అబద్ధం కాదు అది. వాడు తెచ్చినప్పుడు దానికి రెండు పిన్నుల తాడుంది. అలాగే వదిలేస్తే బతికి ఉండేవాడు. ప్రాణానికి మంచిదిరా అని నేనే మూడు పిన్నులది వేశాను. నేను పెట్టిన ఎర్త్ దారినే వచ్చింది వాడి మీదకి."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ ఆ మాట ఆమె చెవిలో అలాగే నిలిచిపోయింది. ఆమె లేచి ఊచల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఎర్త్ దారిలో వచ్చిందని మీకెవరు చెప్పారు?"

ముసలాయన ఏడుపు టక్కున ఆగింది.

"ఆ సంగతి నేను కనిపెట్టి గంట కూడా కాలేదు. పోలీసులకి ఇప్పటికీ నమ్మకం లేదు. మీరు హాలుకి వెళ్లనేలేదు, నిన్న రాత్రి ఎనిమిదింటినుంచీ ఈ గదిలోనే ఉన్నారు. అంటే పోలీసులు రాకముందే, ఆ పని చేసినవాడు మీ దగ్గరికొచ్చి అంతా చెప్పాడు. ఎవరి కోసం మోస్తున్నారు దీన్ని?"

"నాకు డెబ్బై" అన్నాడు ముసలాయన. "ఎలాగూ పోయేవాణ్ణి. మీకు దణ్ణం పెడతాను, ఇక్కడితో వదిలెయ్యండి." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత పిలిచినా మళ్లీ ఇటు తిరగలేదు.

గది గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు, కానీ మెత్తదనమూ లేదు. "ఏడుపు నాకు సాక్ష్యం కాదు మేడమ్. పుస్తకం అన్నాడుగా, అది తెప్పించండి. మొన్నటి తేదీతో నూట డెబ్బై అని రాసి ఉంటే మేజిస్ట్రేటుకి నేనే చూపిస్తాను. నాలుగూ ఇరవై ఎనిమిదైంది."

వరండా బెంచీ మీద మెకానిక్ కూతురు కూర్చుని ఉంది. సర్వేయరమ్మని చూడగానే లేచి నిలబడింది.

"మీ నాన్న బయటపడే దారి దొరికిందమ్మా. షాపులో రిపేరు పుస్తకం కావాలి, వెంటనే. తాళంచెవి నీ దగ్గరుందా?"

"లేదు మేడమ్."

"మరెవరి దగ్గరుంది?"

"మా ఆయన దగ్గర. మూడింటికి నేను ఇక్కడికి బయల్దేరుతుంటే వచ్చి అడిగాడు. ఇచ్చేశాను."

"ఆయనకెందుకు షాపు తాళం?"

కూతురు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సర్వేయరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఏమొస్తుందో అడుగుతుండగానే ఆమెకి తెలిసిపోయింది.

"మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?"

"వైరింగు పని."

బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక కూతురు మొదలుపెట్టింది.

"నిన్న ఆరింటికి ఇంటికొచ్చాడు మేడమ్. నాన్న కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. నేను తలుపు వెనకాల ఉన్నాను. నాన్న మొన్ననే ఆయనకి చెప్పారట, హాలు వైరింగు చూడరా, ఏదో తేడా ఉందని. చూశాను మామయ్యా, ఏం లేదు అన్నాడట. చూడనేలేదు. నిన్న భయంలో ఆంప్ నట్టు విప్పేశాడు. పాత సామాను, దానంతటదే పాడైందనుకుంటారని విప్పాడంట, నాన్న మీదకి వస్తుందని తట్టలేదంట. నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు. 'నేను చూసుకుంటాను, నువ్వు నోరెత్తకు' అన్నారు."

"ఇదంతా తెలిసే పొద్దున్న నా గుమ్మంలోకి వచ్చావా?"

"నా నోటితో చెప్పలేక వచ్చాను." ఆమె కళ్లు ఎత్తింది. "మీరు కనిపెడితే నేను చెప్పినట్టు కాదుగా అనుకున్నాను. నాన్నా బయటికొస్తారు, నేనూ మా ఆయన్ని పట్టించినట్టు కాదు. అలా అనుకుని కూడా ఆయనకి తాళంచెవి ఇచ్చేశాను. రెండు వైపులా నేనే లాగుతున్నాను మేడమ్, నాకు బుర్ర పనిచెయ్యడంలేదు."

సర్వేయరమ్మకి కోపం ముంచుకొచ్చింది, ఆ పిల్ల మీద కాదు, గోడ పగలగొట్టడానికి బద్ధకించిన ఆ చేతుల మీద. ఆమె నోరు తెరిచేలోపే ఇన్‌స్పెక్టరు వరండాలోకి వచ్చాడు.

"పుస్తకం ఏది? ఇంకా ఇక్కడే కబుర్లా? ఆ వైర్‌మన్ పేరైనా తెలిసిందా?"

ఇరవై రెండేళ్లలో ఏ రిపోర్టులోనూ నిప్పు పెట్టినవాడి పేరు రాయడానికి సర్వేయరమ్మ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు నోరు ఆగింది. కూతురు వైపు చూసింది. కూతురు ఒక అడుగు ముందుకేసింది.

"మా ఆయనే సార్" అంది. "హాలు వైరింగు చేసిందీ ఆయనే, ఆంప్ నట్టు విప్పిందీ ఆయనే. ఇప్పుడు నాన్న షాపులో ఉన్నాడు. రిపేరు పుస్తకాలు లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరని నాతోనే అన్నాడు. షాపు వెనకాల రేకు డ్రమ్ము ఉంది, చెత్త కాగితాలన్నీ అందులోనే కాలుస్తారు."

లోపల లాకప్‌లోంచి ఊచలు గుంజిన చప్పుడైంది. "అమ్మాయీ! నోరు ముయ్యవే! దానికేం తెలీదు సార్, పిచ్చిది, దాని మాట వినకండి!" ముసలాయన గొంతు ఉబ్బసంతో తెగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆమెని అలా గదమాయించడం అదే మొదటిసారి అయి ఉండాలి, ఆ పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడింది.

"షాపు ఎంత దూరం?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"జీపులో ఇరవై నిమిషాలు."

ఆయన గోడ గడియారం చూశాడు. నాలుగూ ముప్పై మూడు. అల్లుడి చేతికి తాళంచెవి వెళ్లి గంటన్నర దాటింది. టోపీ తీసుకుని, డ్రైవర్‌ని కేకేస్తూ మెట్లు దిగాడు. సర్వేయరమ్మ సంచి భుజాన వేసుకుని ఆయన వెనకే పరుగెత్తింది. ఈసారి ఆయన ఆమెని ఆపలేదు.

లోపలినుంచి ముసలాయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. కూతురు లాకప్ వైపు తిరగలేదు.

"అయిపోయింది నాన్నా, చెప్పేశాను" అంది, జీపు వైపు నడుస్తూ. "వెనక తలుపుకి లోపల గడియ ఉంటుంది సార్. నేను పిలిస్తేనే తీస్తాడు. నన్నూ ఎక్కించుకోండి."